పై తొట్టి నిండాక

ఏజెన్సీకి కొత్తగా పోస్టింగు వచ్చిన ఇంజినీర్లు అప్పుడప్పుడూ అరకులోని మా ఇంటికి వస్తుంటారు. మొదట మలేరియా గురించి అడుగుతారు, తర్వాత సెల్ సిగ్నల్ గురించి, ఆ తర్వాత బదిలీ ఎప్పుడవుతుందని. నీళ్ళ గురించి అడిగేవాళ్ళు తక్కువ. ఆ సంగతి తమకు తెలుసని వాళ్ళ ధైర్యం. నేను వచ్చినప్పుడు నాకూ ఆ ధైర్యం నిండుగా ఉండేది. బొబ్బిలి వైపు కాలువల మీద ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చినదాన్ని కదా.

నా పేరు శాంతకుమారి. మా నాన్న సాలూరు దగ్గర మిషన్ స్కూల్లో టీచరు. ఈ కొండల్లో తాగునీరు, ఊటలు, చిన్న చిన్న చెక్‌డ్యాములు చూసే ప్రభుత్వ శాఖలో నా సర్వీసు రెండో సగమంతా గడిచింది. ప్రమోషన్ల గొడవ ఇక్కడ రాయను. అది ఎవరికీ పనికిరాదు, నాకే సరిగా గుర్తు లేదు. ఒక ఊట గురించి, దాని మీద ఆధారపడిన రెండు గూడేల గురించి రాస్తాను. మా ఉద్యోగంలో ఉండే కష్టం, సరదా రెండూ అందులో ఉన్నాయి.

దాహమేసిన డీఈ గారు

నేను చేరినప్పుడు మా డీఈ, అంటే డిప్యూటీ ఇంజినీరు, అప్పలనాయుడు గారు. భారీ మనిషి. ఎండాకాలంలో కూడా మంకీ క్యాప్ తీసేవారు కాదు. ఏ గూడేనికి వెళ్ళినా జీపు దిగగానే, మ్యాపు తెరవకముందే, "దాహమేస్తంది, కాసిన్ని నీళ్ళిప్పించండి" అనేవారు. జీపులో నీళ్ళ క్యాను నిండుగా ఉండేది. కొన్నాళ్ళు చూసి ఆగలేక అడిగాను.

"సార్, మన దగ్గర నీళ్ళున్నాయి కదా?"

"ఉన్నాయి. కానీ నీళ్ళడిగితే ఎవరు లేస్తారో సూడమ్మా. ఆ లేచిన మనిషి కోసమే మనకి జీతం. కూసున్నోళ్ళు మనతో సాయంత్రం దాకా మాటాడతారు. ఆళ్ళ మాట విని పైపులైను గీసినామనుకో, అది తిన్నగా పెద్దోడి గుమ్మం ముందుకే ఎల్తాది."

ట్రైనింగుల్లో నాకు చాలా చెప్పారు గానీ, ఇంత పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు. అయితే ఆయనలో ఒక లోపం కూడా ఉంది. పై అధికారి ఫోన్లో ఏ తేదీ చెప్పినా "ఎస్ సార్" అనేసేవారు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఒక వేసవి మొదట్లో డుంబ్రిగుడ వైపు లోవవలస అనే గూడేనికి వెళ్ళాం. ఆయన మామూలుగానే నీళ్ళడిగారు. పంచలో ఉన్న ఒక అమ్మాయి లేచింది. ఎడమ చేతికి వెదురు బద్దలు పెట్టి గుడ్డ కట్టి ఉంది. కుడిచేత్తోనే చెంబు తెచ్చి ఇచ్చింది. పేరు బుద్రి. గూడెం పెద్ద సొంబురు కోడలు.

"చేతికేమైందమ్మా?" అన్నాను.

"పైనుంచి నీరు తెత్తుంటే జారిపోనాను."

పైన అంటే కొండ మీది సిరిపుట్టు గూడెం. అది బుద్రి పుట్టినూరు. అక్కడ ఎండాకాలంలో కూడా ఆగని ఊట ఉంది. లోవవలస బోరింగు మాఘమాసం దాటితే గాలి కొట్టేది. అప్పటి నుంచి వానలు పడేదాకా ఆడవాళ్ళంతా ఆ కొండ ఎక్కి దిగడమే.

"పై నీరు పైపులో తెస్తే?" అని డీఈ గారు అడిగారు.

సొంబురు నవ్వాడు. "బిందెతో పట్టుకెల్తే ఆళ్ళు ఏటీ అనరు బాబూ. పైపు అన్నావంటే కర్రలట్టుకొస్తారు."

జీపెక్కుతూ డీఈ గారు నా వైపు తిరిగి, "నీకు పని దొరికినట్టుంది" అన్నారు.

చూస్తే తరగదు

ఇక్కడ చేరే పిల్లలు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. ఈ కొండల మీద వానకు లోటు లేదు. పడిన వాన ఉండదు, అంతే. ఏటవాలు మీద పడిన నీరు గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, కలిసి మనం గొడుగు మడిచేలోపు కిందికి వెళ్ళిపోతుంది. నేలలోకి ఇంకిన కొంచెమే నెలల తర్వాత ఊటగా బయటికి వస్తుంది. అది ఇంకే చోటును కాపాడటమే మా వృత్తిలో అసలు పని. మిగిలినది పైపులు అతికించడం.

సిరిపుట్టు వెళ్ళాను. నేరేడు చెట్టు పక్కన బండ కింది నుంచి నీరు చల్లగా, చప్పుడు లేకుండా వస్తోంది. దాని పక్కనే గురుబారి రాగిబిందె తోముతోంది. నాకంటే కొంచెం పెద్దది. కాఫీ తోట, మిరియాల పాదులు ఉన్న మనిషి. ఆ గూడెంలో ఆమె మాటంటే మగవాళ్ళు కూడా వింటారని ముందే చెప్పారు.

"పైపు మాట సెప్పడానికొచ్చినావా మేడమ్?"

"ఊటను చూడ్డానికొచ్చాను."

"సూడు. సూత్తే తరగదు."

అలా చెప్పి బిందె తోముకుంటూ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. చాలాసేపటికి తనే మొదలుపెట్టింది. కొండకు అవతలి వైపు ఇలాంటి ఊటే ఇంకొకటి ఉండేదట. రోడ్డు పని చేసే కాంట్రాక్టరొకడు తన మనుషుల కోసం దాని చుట్టూ సిమెంటు కట్టి పైపు పెట్టాడట.

"సిమెంటు ఏసినారు. ఆ నీటికి కోపమొచ్చి ఎల్లిపోనాది. మల్లా రానేదు."

నీటి కోపం సంగతి నేను చెప్పలేను గానీ, జరిగింది నిజం. ఊట నోరు బిగించేస్తే నీరు వెనక్కి ఒత్తి, బండల పగుళ్ళలో ఇంకో దారి చూసుకుంటుంది. ఆమె భయానికి కారణం ఉంది. కారణమున్న భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే ఇంజినీర్లు నాకు చాలామంది తెలుసు. వాళ్ళు కట్టిన తొట్లు చాలా ఊళ్ళలో పొడిగా ఉన్నాయి. మేకలు ఎక్కి నిలబడటానికి బాగుంటాయి.

లేచి ఊట పైనున్న వాలు చూశాను. సగం నల్లగా కాలి ఉంది. పోడు కోసం చెట్లు కొట్టి కాల్చిన నేల.

"ఇది ఎవరిది?"

"కిందోళ్ళది. ఏటేటా కాలుత్తారు. వాన పడితే మా ఊట ఎర్రగా వత్తాది. మా నెత్తి మీద నిప్పెట్టినోళ్ళకి మావు నీరియ్యాలా?"

ఆ రోజుకి అంతే.

మానికలో రాజ్మా

డుంబ్రిగుడ సంతలో గురుబారి రాజ్మా, పిప్పళ్ళు, పసుపుకొమ్ములు అమ్మేది. నేను వారం వారం కూరగాయలకని వెళ్ళి ఆమె పక్కన కాసేపు కూర్చోవడం మొదలుపెట్టాను. నా బేరాలు చూసి ఆమెకు నవ్వొచ్చేది. "ఆ వంకాయలకి అంత ఇచ్చీసినావా? నిన్ను సూసి ఆడు ఇల్లు కట్టుకుంటాడు" అనేది. కొన్ని వారాలకు మేడమ్ పోయి సెల్లీ వచ్చింది. నేను అప్పా అనేదాన్ని, అంటే అక్కా అని. పైపు మాట ఇద్దరమూ ఎత్తలేదు.

ఒక వారం ఆమే ఎత్తింది. "బుద్రి మా తమ్ముడి కూతురు. సెయ్యి ఇరిగిందని ఇన్నాను. నువ్వు సూసినావేటి?"

"చూశాను అప్పా. ఒంటి చేత్తో నీళ్ళు తెచ్చిచ్చింది."

నేను పుల్ల తీసుకుని మట్టిలో గీశాను. ఊట నోటిని ముట్టుకోం. బండకు కొంచెం కింద రాళ్ళతో కట్ట కట్టి, పారి వచ్చిన నీటినే పడతాం. ఆ నీరు ముందు సిరిపుట్టు తొట్టిలోకి వెళుతుంది. కిందికెళ్ళే పైపు ఆ తొట్టి అడుగున ఉండదు, పై అంచున ఉంటుంది. తొట్టి నిండి పొర్లితేనే లోవవలసకు నీళ్ళు.

గురుబారి తన కొలత మానిక తీసి నా ఒళ్ళో పెట్టి రాజ్మా పోయడం మొదలుపెట్టింది. మానిక నిండింది. ఆపలేదు. గింజలు పొర్లి నా చీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి.

"ఇలాగేనా?"

"ఇలాగే. నిండకపోతే కిందికి చుక్క వెళ్ళదు."

"ఎవరో వచ్చి ఆ పైపు కిందకి దించీసినారనుకో?"

"తొట్టి మీ గూడెం మధ్యలో ఉంటుంది. దించితే మీకు కనిపించదా?"

గింజలన్నీ ఏరి మళ్ళీ బస్తాలో పోసుకుంది. ఒక్కటి కూడా వదల్లేదు. "పై వాలు కాల్చడం మానీమను. అప్పుడు ఒప్పుకుంటాం" అంది.

కుర్చీలో కూర్చుని ఒప్పందం రాసుకురమ్మంటే ఇది జరిగేది కాదు. కొత్తవాళ్ళకు నేను చెప్పేది అదే. సంతకు వెళ్ళండి. వంకాయలకు ఎక్కువిచ్చినా ఫరవాలేదు.

రెండు గూడేల మాట

రెండు గూడేలవాళ్ళూ మధ్యనున్న గెడ్డ దగ్గర కూర్చున్నారు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక. వాలు వదిలెయ్యాలనగానే సొంబురు లేచాడు.

"ఆ పోడులో సోళ్ళు, సామలు పండించుకుంటన్నాం. అది మానీమంటే మా పొట్ట మీద కొట్టినట్టు కాదేటి?"

అతని మాటలో న్యాయముంది. సోళ్ళంటే రాగులు, అదే వాళ్ళ ఏడాది తిండి. తిండి మానుకుని నీళ్ళు తాగమని ఎవరూ అనలేరు. వాలంతా వదలక్కర్లేదు, ఊటకు సరిగ్గా పైనున్న నిటారు భాగం వదిలితే చాలన్నాను. అక్కడ వాలుకు అడ్డంగా కందకాలు తవ్వితే వాన పరుగు ఆగి నేలలో దిగుతుంది. తవ్వినందుకు కూలి మా శాఖ ఇస్తుంది. కందకాల మధ్య సిల్వర్ ఓక్, కాఫీ మొక్కలు పెట్టుకోవచ్చు, పంట మీదే. కాఫీ కాపుకొచ్చేదాకా కింది చదునులో సోళ్ళు వేసుకోండి అని కూడా చెప్పాను.

గొణుగుళ్ళు మొదలయ్యాయి. ఇక తేలదనుకున్నప్పుడు గురుబారి వెనక వరసలోకి చూసి, "బుద్రీ, సెయ్యెలాగున్నాది గుంటా?" అంది. ఈ వైపు గుంట అంటే ఆడపిల్ల.

"అతికింది అత్తా. బరువెత్తితే లాగుతంది."

గురుబారి సొంబురు వైపు తిరిగింది. "మా గుంటని మీకిచ్చినాం. నీరు ఇయ్యడానికి మాకేటి నొప్పి? కొండని కాల్చకు సొంబురన్నా. అదొక్కటే అడుగుతన్నాను."

సొంబురు మళ్ళీ కూర్చున్నాడు. "కందకాలు ఎవరు తవ్వుతారు? మావొక్కళ్ళమేనా?"

"మేమూ వత్తాం" అంది గురుబారి.

వచ్చారు కూడా. మొదటి పెద్ద వాన పడ్డ మధ్యాహ్నం నేను ఆ దగ్గర్లోనే ఉన్నాను. రెండు గూడేల జనం గొడుగులూ గోనెసంచులూ కప్పుకుని కందకాలు చూడ్డానికి కొండెక్కారు. ఎర్రటి నీరు ఉరుకుతూ వచ్చి ఒక కందకంలో ఆగడం, అది నిండి పక్కదానిలోకి వెళ్ళడం తిరునాళ్ళ చూసినట్టు చూశారు. సొంబురు ఇంకా దగ్గరికి వెళ్ళి కాలు జారి నడుముదాకా ఒకదానిలో దిగబడ్డాడు. అందులో నిలబడే, "ఇంత లోతు నాకోసమే తవ్వించినావేటి మేడమ్?" అన్నాడు. లాగడానికి వెళ్ళినవాళ్ళు నవ్వు ఆపుకోలేక అతన్ని మళ్ళీ వదిలేశారు.

ఈల వేసిన కొళాయి

పైపులైను పూర్తవుతుండగా పై అధికారి ప్రారంభోత్సవానికి వస్తానన్నారు. డీఈ గారు తేదీ విని "ఎస్ సార్" అనేశారు. లైను ఇంకా పరీక్షించలేదు. పైగా గూడెం దేవత తోపు తప్పించడానికి దారి మార్చినందువల్ల మధ్యలో ఒక మిట్ట వచ్చింది. అలాంటి మిట్ట మీద పైపులో గాలి చిక్కుకుంటుంది. దాన్ని వదిలే వాల్వు స్టోర్సు నుంచి రాలేదు. ఆ మాటే చెప్పాను.

"ఏదోటి సెయ్యి తల్లీ" అన్నారు ఆయన.

లోవవలసలో షామియానా వేశారు. అధికారి రిబ్బను కత్తిరించి కొళాయి తిప్పారు. కొళాయి ఈల వేసింది. సన్నగా మొదలై పెద్దదైంది. కుక్కలు మొరిగాయి.

"నీరు సిగ్గుపడతన్నట్టున్నాది. ముందు పాట పాడుతంది" అన్నాడు సొంబురు. షామియానా అంతా నవ్వింది. డీఈ గారు ఆ రోజు మొదటిసారి మంకీ క్యాప్ తీసి ముఖం తుడుచుకోవడం చూశాను.

నేను, ఫిట్టరు సన్యాసి మిట్ట మీదికి పరిగెత్తాం. పైపు జాయింటు కొద్దిగా వదులు చేశాం. గాలి బుస్సుమని పోయింది, వెనకే నీరు ఎగిరి ఇద్దరినీ తలస్నానం చేయించింది. బిగించి కిందికి వచ్చేసరికి అధికారి మంచం మీద కూర్చుని సోడి అంబలి రెండో గ్లాసు తాగుతున్నారు. కొళాయి కింద నీరు పడుతోంది. ఆయన నన్ను చూసి, "మీరు ముందే ప్రారంభించుకున్నట్టున్నారు" అన్నారు. మంచి మనిషి. ఫొటో కోసం నిలబడకుండా పక్కకు జరిగి, "ముందు వాళ్ళని పట్టుకోనివ్వండి" అన్నారు. బుద్రి బిందె పెట్టింది.

తిరుగు ప్రయాణంలో డీఈ గారు ఘాట్ రోడ్డు మలుపులో అన్నారు: "ఇకనుంచి తేదీ నువ్వు సెప్పు. నేను పైకి అదే సెప్తాను." రిటైరయ్యేదాకా ఆ మాట దాదాపుగా నిలబెట్టుకున్నారు. మంచి బాస్ అంటే తప్పులు చేయనివాడని నేను అనుకోను. ఈల విన్న తర్వాత మారినవాడు చాలు.

రిసార్టు ఆయన

లోవవలస దగ్గర కింది రోడ్డు మీద ఒక రిసార్టు వచ్చింది. యజమాని విశాఖ నుంచి వచ్చిన వ్యాపారి, మర్యాదస్తుడు. బొర్రా గుహలు చూసొచ్చిన టూరిస్టులు ఆయన దగ్గర దిగేవారు. బోర్లు వేసి వేసి విసిగిపోయి, మా లైను నుంచి ఒక కనెక్షను ఇవ్వమని నన్ను అడిగారు. నేను సొంబురు దగ్గరికి పంపాను. సొంబురు ఏమన్నాడో ఆయనే నాకు చెప్పారు: "నీరు మాది కాదు బాబూ, పైవోళ్ళది. ఆళ్ళనడిగితే ముందు గునపం సేతికిత్తారు."

నేను ఆయన రిసార్టు కప్పుల వైపు చూపించి, వానాకాలమంతా వీటి మీద పడే నీరు ఎక్కడికి పోతోందని అడిగాను. నా మాట నచ్చక కొన్నాళ్ళు పలకరించలేదు. తర్వాత గొట్టాలు పెట్టి, పెద్ద సంపు కట్టించారు. ఇప్పుడు వచ్చిన ప్రతి అతిథికీ ఆ సంపు చూపిస్తారు. ఆలోచన ఆయనదేనని చెబుతారట. నాకేమీ అభ్యంతరం లేదు. ఈ ఉద్యోగంలో మన ఆలోచన ఇంకొకరు తమదనుకున్నారంటే, ఆ పని ఇక మనం చూసుకోనక్కర్లేదని అర్థం.

వానలు తప్పిన ఏడు

నేను రిటైరయ్యే ముందు ఒక ఏడాది వానలు బాగా వెనకబడ్డాయి. ఎండాకాలం వచ్చేసరికి మండలంలో చాలా ఊటలు సన్నబడ్డాయి. సిరిపుట్టు ఊట ఆగలేదు గానీ, వాళ్ళ వాడకానికే సరిపోయేంత వస్తోందని సమాచారం. అంటే తొట్టి నిండదు, లోవవలసకు నీరు వెళ్ళదు. ట్యాంకరు పంపాలని ఏర్పాట్లు చేస్తుంటే, లోవవలస కొళాయిలో రోజూ నీరు వస్తోందని తెలిసింది.

మా ఆఫీసులో కొత్తగా వచ్చిన అధికారికి అనుమానం వచ్చింది. ఎవరో పైపు కిందికి దించి ఉంటారు, గూడేలు కొట్టుకునేలోపు వెళ్ళి సరిచేయాలి, అవసరమైతే పోలీసులకు చెబుదాం అన్నాడు. పోలీసులు తర్వాత, ముందు నేను చూసొస్తానని బయల్దేరాను. అలా అన్నాను గానీ, నాకూ భయంగానే ఉంది. అన్ని ఏళ్ళ మాట ఒక్క ఎండాకాలంలో విరిగిపోవడం నేను వేరేచోట చూశాను.

సిరిపుట్టు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. తొట్టి దగ్గర ఎవరూ లేరు. కిందికెళ్ళే పైపు అంచు దగ్గరే, పెట్టినచోటే ఉంది. కానీ గూడెం కొళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి. ఒకదానికి గుడ్డ కూడా చుట్టారు, పిల్లలు తిప్పకుండా కాబోలు.

గురుబారి పంచలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"కొళాయిలు ఎందుకు కట్టేశారు అప్పా?"

"పొద్దున్న మావు పట్టీసుకుంటన్నాం. పొద్దెక్కినాక కట్టేత్తన్నాం. సాయంత్రం దాకా ముట్టుకోం."

"మరి మీకు సరిపోతోందా?"

"సర్దుకుంటన్నాం. స్నానాలకి గెడ్డకెల్తన్నాం."

"ఒప్పందం అలా కాదు కదా. తొట్టి నిండితేనే కిందికని అనుకున్నాం."

"నిండాకే ఎల్తంది" అంది ఆమె, చింతపండు మీది నుంచి తల ఎత్తకుండా. పెదవి చివర నవ్వు మాత్రం దాచుకోలేకపోయింది. "ఎలాగ నిండాలో నువ్వు సెప్పనేదు కదా."

ఎవరు చెప్పారు ఇలా చేయమని అడిగాను. ఎవరూ చెప్పలేదంది. లోవవలసవాళ్ళు అడగను కూడా లేదట. కందకాలు పూడిపోయాయని ఆ ఏడు సొంబురు కొడుకూ బుద్రీ ముందుగానే వచ్చి పూడిక తీసి వెళ్ళారట. అది చూసి ఆడవాళ్ళు మాట్లాడుకున్నారు, అంతే.

అధికారికి ఫోను చేసి పైపును ఎవరూ దించలేదని చెప్పాను. మరి నీరెలా వెళుతోందని అడిగాడు. "రేపు మీరే రండి సార్, చూద్దురుగాని" అన్నాను. వచ్చాడు కూడా. తొట్టి నిండేదాకా కూర్చున్నాడు, ఆ తర్వాత పోలీసుల మాట ఎత్తలేదు.

ఆ రోజు మాత్రం నేను, గురుబారి ఇద్దరమే వెళ్ళి తొట్టి గట్టు మీద కూర్చున్నాం. ఎండ బాగా ఉంది. ఊట నుంచి సన్నటి ధార పడుతూనే ఉంది. నీటిమట్టం కంటికి తెలియనంత నెమ్మదిగా పైకి వస్తోంది. అంచుదాకా వచ్చిన నీరు అక్కడ కాస్త ఉబ్బినట్టు నిలబడి, కిందికెళ్ళే పైపులోకి జారింది. లోవవలసలో ఎవరి బిందెలోనో పడటానికి దానికి ఇంకా చాలా దూరముంది.